అన్నం దగ్గర ఇంగ్లీషు: భోజనాల బల్ల మాటలు ఎక్కడివి, ఎలా పనిచేస్తాయి

‘ఈట్ ఫాస్ట్’, ‘సిట్ ప్రాపర్లీ’, ‘డోంట్ వేస్ట్’, ‘ఫినిష్ ఇట్’. పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్న తెలుగిళ్లలో రాత్రి భోజనం వేళ వినిపించే ఇంగ్లీషు చాలావరకు ఈ నాలుగైదు మాటల దగ్గరే ఆగిపోతుంది. బడిలో నేర్చుకునే ఇంగ్లీషుకి ఇంట్లో కూడా కాస్త అలవాటు తోడవ్వాలని తల్లిదండ్రులు పట్టుదలగా మొదలుపెడతారు. ఆ పట్టుదల మంచిదే. కానీ ఆ మాటలు పిల్లల చెవిన పడేసరికి అన్నీ గద్దింపుల్లానే ఉంటాయి. ఇంగ్లీషంటే అమ్మానాన్నలు కోప్పడేటప్పుడు మాట్లాడే భాష అని నాలుగేళ్ల పిల్లలు అనుకుంటే వాళ్ల తప్పేం లేదు.

ఇలా జరిగేది ఇంగ్లీషు రాకపోవడం వల్ల కాదు. తెలుగులో అన్నం పెట్టే మనిషి నోట ‘తిను’ అనే మాట ఒంటరిగా రావడం తక్కువ. ‘తినమ్మా’, ‘తిను నాన్నా’, ‘తినరా కన్నా’, ‘ఇంకొక్క ముద్ద, మా బంగారం కదూ’ అంటారు. కూతుర్ని అమ్మా అనీ, కొడుకుని నాన్నా అనీ పిలిచే ఆ పిలుపే ఆజ్ఞలోని కరుకుని కరిగిస్తుంది. ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఆ పిలుపు జారిపోయి క్రియ ఒక్కటే మిగులుతుంది. ‘తిను నాన్నా’ కాస్తా ‘ఈట్’ అయిపోతుంది.

ఇంగ్లీషు ఇళ్లలో మెత్తదనం లేదా అంటే ఉంది, దారులు వేరు. అమెరికాలో ‘స్వీటీ’, ‘బడీ’, ఇంగ్లండ్‌లో ‘లవ్’, ‘డార్లింగ్’ లాంటి పిలుపులు మన అమ్మా, నాన్నా చేసే పనే చేస్తాయి. ‘లెట్స్ ట్రై ఎ లిటిల్ బిట్’ అంటూ పెద్దవాళ్లు తమను కూడా కలుపుకుంటారు. ‘వుడ్ యూ లైక్ పీస్ ఆర్ క్యారట్స్?’ అని ఎంపిక పిల్లలకు వదిలేస్తారు. ఈ చివరిది చాలా తెలివైన పద్ధతి. కూర తింటావా, తినవా అన్న ప్రశ్నే అక్కడ రాదు. బఠాణీలా, క్యారట్టా అన్నదొక్కటే తేలాలి. ఏది కావాలో తనే చెప్పానన్న తృప్తి పిల్లలకు, కూరగాయ కంచంలోకి చేరిందన్న తృప్తి తల్లికి.

అలాగని ఇంగ్లీషు తల్లిదండ్రులు ఎప్పుడూ బతిమాలుతూనే మాట్లాడతారనుకుంటే పొరపాటు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండ్రా క్రేవన్, జొనాథన్ పాటర్ కుటుంబాల భోజనాలను వీడియోల్లో పరిశీలించి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. పిల్లలతో తల్లిదండ్రులు నేరుగా ఆజ్ఞలు వాడటం అందులో బాగా కనిపిస్తుంది. చెప్పిన మాట వినకపోతే రెండోసారి, మూడోసారి ఆ మాట ఇంకా గట్టిపడుతుంది. ‘కుదురుతుందా’, ‘వీలైతే’ లాంటి సందులన్నీ మూసుకుపోతాయి. అంటే ‘సిట్ డౌన్’ అక్కడా ఉంది. కాకపోతే దాని ముందూ వెనకా వేరే మాటలు చాలా ఉంటాయి. మన ఇళ్లలోని ఇంగ్లీషుకి కొరవడింది ఆ మాటలే.

పిలుపు దగ్గర్నుంచి చెయ్యి కడుక్కునేదాకా

భోజనానికి పిలిచేటప్పుడు ఇంగ్లీషు ఇళ్లలో ‘కమ్ అండ్ ఈట్ యువర్ ఫుడ్’ అని సాగదీయరు. ‘డిన్నర్స్ రెడీ!’ అని వంటింట్లోంచి ఒక కేక. ‘వాష్ యువర్ హ్యాండ్స్’ అని వెంటనే ఇంకో మాట. పిల్లల జవాబు కూడా ఒక్క ముక్కే, ‘కమింగ్!’ ఇంగ్లండ్ ఉత్తరాన చాలా ఇళ్లలో ఇదే పిలుపు ‘టీస్ రెడీ’ అని వినిపిస్తుంది. అక్కడ టీ అంటే సాయంత్రం భోజనం. మాంచెస్టర్‌లోనో లీడ్స్‌లోనో స్థిరపడిన తెలుగువాళ్లు ఇది తెలుసుకోవడం అవసరం. పిల్లాడి స్నేహితుడి తల్లి ‘టీకి పంపించండి’ అంటే ఇంట్లో అన్నం పెట్టి పంపకూడదు, అక్కడ కంచం నిండా తిండి సిద్ధంగా ఉంటుంది.

వడ్డన దగ్గరకు వచ్చేసరికి రెండు లోకాలూ బాగా విడిపోతాయి. తెలుగింట్లో ఒకరు వడ్డిస్తారు, మిగతావాళ్లు తింటారు. ఇంగ్లీషు ఇంట్లో చాలాసార్లు గిన్నెలు బల్ల మధ్యలో ఉంటాయి, చేతులు మారతాయి. ‘కెన్ యూ పాస్ ద పొటేటోస్, ప్లీజ్?’ అనే మాట పుట్టింది ఆ అమరికలోంచే. వడ్డించే మనిషి పక్కనే నిలబడి ఉన్న ఇంట్లో ఆ వాక్యానికి పనే ఉండదు. అక్కడ పిల్లలకు పనికొచ్చేది ‘కెన్ ఐ హావ్ సమ్ మోర్ రైస్?’ అన్న మాట. పెట్టు అనే మాటను పట్టుకుని ‘పుట్ మీ రైస్’ అనడం పిల్లల్లో తరచుగా వినిపిస్తుంది. ఇంకా కావాలా అని పెద్దవాళ్లు అడిగేటప్పుడు ‘డూ యూ’ కూడా వదిలేసి ‘వాంట్ సమ్ మోర్?’ అంటారు. మజ్జిగో పాలో గ్లాసులో పోస్తూ, చాలనిపించినప్పుడు చెప్పు అనడానికి ‘సే వెన్’ అన్న రెండు ముక్కలు సరిపోతాయి. పాఠ్యపుస్తకంలో ఈ మాట దొరకడం కష్టం, ఇంట్లో మాత్రం నిత్యం అవసరం.

తింటున్నప్పటి మాటలు ఇంకా చిన్నవి. ‘కేర్‌ఫుల్, ఇట్స్ హాట్’, ‘బ్లో ఆన్ ఇట్’, ‘స్మాల్ బైట్స్’, ‘చ్యూ యువర్ ఫుడ్’. హాట్ దగ్గర తెలుగు పిల్లలకు చిక్కొస్తుంది. మనకు వేడి వేరు, కారం వేరు. ఇంగ్లీషులో రెంటికీ హాట్ అనొచ్చు కాబట్టి, ఊదుకుంటే తగ్గేదా తగ్గనిదా అన్నది పిల్లలకు తెలియదు. కారానికి ‘స్పైసీ’ అని విడిగా అలవాటు చేస్తే గందరగోళం ఉండదు. మన ఊరగాయలకు ఈ జాగ్రత్త ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

పొలమారడం సంగతీ అంతే. తెలుగింట్లో నెత్తిమీద తట్టి ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అంటాం, నీళ్లు తాగిస్తాం. ఇంగ్లండ్‌లో వీపు తట్టి ‘డిడ్ ఇట్ గో డౌన్ ద రాంగ్ వే?’ అని అడుగుతారు. అమెరికాలో ‘రాంగ్ పైప్’ అంటారు. చోకింగ్ అనే మాట వాళ్లు దీనికి తేలిగ్గా వాడరు. అది గొంతుకి అడ్డం పడి ఊపిరాడని స్థితికి, అంటే పరిగెత్తాల్సిన సందర్భానికి. బడిలో పిల్లలు ఈ తేడా తెలియకుండా చోకింగ్ అంటే టీచర్లు హడలిపోతారు.

ఇక మర్యాదల మాటలు. ‘డోంట్ టాక్ విత్ యువర్ మౌత్ ఫుల్’, ‘ఎల్బోస్ ఆఫ్ ద టేబుల్’, ‘యూజ్ యువర్ ఫోర్క్’. మొదటిది మనకూ ఉంది. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడొద్దని ప్రతి ఇంట్లో చెబుతారు. మిగతా రెండూ బల్లకీ ఫోర్కుకీ పుట్టినవి, మన ఇళ్లలో బలవంతాన తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. మనకున్న ఎంగిలి నియమాన్ని మాత్రం వాళ్ల మాటల్లో చెప్పడం కష్టం. ‘డోంట్ షేర్ స్పూన్స్’ అంటే సూక్ష్మజీవుల గురించి చెప్పినట్టుంటుందే తప్ప ఎంగిలి గురించి కాదు. అలాంటి చోట తెలుగు మాటే వాడటం మేలు. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలు చాలామంది ఇంగ్లీషు వాక్యం మధ్యలో ఎంగిలి అనే మాటను అలాగే ఉంచేస్తారు.

తినడం అయ్యాక చిన్నపిల్లల్ని ‘ఆల్ డన్?’ అని, కాస్త పెద్దవాళ్లని ‘ఆర్ యూ ఫుల్?’ అని అడుగుతారు. కడుపు నిండింది అనే తెలుగు వాక్యాన్ని పట్టుకుని ‘మై స్టమక్ ఈజ్ ఫుల్’ అనేకంటే ‘ఐ యామ్ ఫుల్’ సహజం. అమెరికాలో సంప్రదాయం పాటించే ఇళ్లలో పిల్లలు ‘మే ఐ బీ ఎక్స్‌క్యూజ్డ్?’ అని అడిగి లేస్తారు, బ్రిటన్‌లో ‘మే ఐ గెట్ డౌన్?’ అంటారు. దీన్ని పాశ్చాత్యుల వింత పద్ధతిగా చూడనక్కర్లేదు. పంక్తిలో అందరి భోజనం అయ్యేదాకా ఎవరూ లేవకూడదన్న మన పెళ్లి భోజనాల నియమంలోనూ ఇదే గౌరవం ఉంది.

మంత్రం లాంటి ఒక్క మాట

పిల్లవాడు ‘మోర్ మిల్క్!’ అంటాడు. తల్లి గ్లాసు చేతిలోకి తీసుకుంటుంది, పోయదు. ‘వాట్స్ ద మ్యాజిక్ వర్డ్?’ అని కనుబొమలు పైకెత్తుతుంది. ‘ప్లీజ్.’ పాలు పోస్తుంది. పిల్లవాడు గ్లాసు అందుకుని తాగడం మొదలుపెడతాడు. ‘వాట్ డూ యూ సే?’ అని రెండో ప్రశ్న. ‘థాంక్యూ, మామ్.’ ఇంగ్లీషు ఇళ్లలో ఇది రోజుకి ఎన్నిసార్లు జరుగుతుందో లెక్క ఉండదు. బాస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జీన్ బెర్కో గ్లీసన్, సహచరులతో కలిసి రాత్రి భోజనాల సంభాషణలను పరిశీలించి, మర్యాద మాటలు పిల్లలకు ఎలా అబ్బుతాయో 1984లో రాశారు. పిల్లలు వీటిని తమంతట తామే నేర్చుకునేదాకా ఆ తల్లిదండ్రులు ఆగరు. అడిగి మరీ, పట్టుబట్టి మరీ పలికిస్తారు.

తెలుగు తల్లి ఈ పని చెయ్యదు, చేసే అవసరం కూడా ఉండదు. ‘కాస్త పప్పు వెయ్యమ్మా’ అన్నప్పుడు ‘కాస్త’లోనూ ‘అమ్మా’లోనూ మర్యాద అంతా ఉంది. పెద్దవాళ్లతో అయితే ‘వెయ్యండి’లో ఉంది. అన్నం పెట్టిన తల్లికి థాంక్స్ చెప్పడం మన చెవికి పరాయిగా, మనిషిని దూరం పెట్టినట్టుగా వినిపిస్తుంది. అందుకే తెలుగులో పెరిగిన పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ప్లీజ్ మర్చిపోతారు. అది పొగరు కాదు. వాళ్ల భాషలో మర్యాద క్రియలోనే ఇమిడి ఉంటుంది, విడిగా ఒక మాట వెతుక్కోవాలన్న సంగతి వాళ్లకు తట్టదు. కానీ అవతల వినేవాళ్లకు ఆ సంగతి తెలియదు. బడి క్యాంటీన్‌లో ‘గివ్ మీ వాటర్’ అన్న పిల్లని దురుసు పిల్ల అనుకుంటారు. ఇంట్లో అన్నం దగ్గర ఇంగ్లీషు నేర్పాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. వంద వాక్యాలు బట్టీ పట్టించేకంటే ప్లీజ్, థాంక్యూ, నో థాంక్యూ అలవాటు చేయడం ఎక్కువ ఉపయోగం.

బేరాలు, బెదిరింపులు

తినని పిల్లల్ని తినిపించే తంటా ఏ దేశంలోనైనా ఒకటే. మనం అమ్మ ముద్ద, నాన్న ముద్ద, తాత ముద్ద అంటూ కలిపిన అన్నాన్ని చుట్టాలందరికీ పంచుతాం, చందమామను చూపిస్తాం. వాళ్లు చెంచాని గాల్లో తిప్పుతూ ‘హియర్ కమ్స్ ది ఎయిర్‌ప్లేన్, ఓపెన్ వైడ్!’ అంటారు. మాటలు నేర్చిన పిల్లల దగ్గర ఈ ఆట పనిచెయ్యదు, బేరం మొదలవుతుంది. ‘టూ మోర్ బైట్స్’, ‘జస్ట్ వన్ బైట్’, ‘నో డెసర్ట్ అన్‌టిల్ యూ ఫినిష్ యువర్ వెజిటబుల్స్’. బ్రిటన్‌లో డెసర్ట్ బదులు పుడింగ్ అంటారు. ఈ చివరి బేరం నిలబడాలంటే తీపి చివర్లో రావాలి. తెలుగు విందులో తీపి ముందే విస్తట్లోకి వస్తుంది, రోజువారీ భోజనం పెరుగన్నంతో ముగుస్తుంది. కాబట్టి మన ఇంట్లో డెసర్ట్ ఆశ చూపించడం అరువు తెచ్చుకున్న పద్ధతే.

‘క్లీన్ యువర్ ప్లేట్’ అన్న మాట వెనక యుద్ధాల చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా దిగిన 1917లో ఆహార నియంత్రణ చట్టం వచ్చింది. హెర్బర్ట్ హూవర్ నాయకత్వంలోని ఆహార పాలనా సంస్థ, తిండి వృథా చెయ్యొద్దని ఇంటింటా ప్రచారం చేసింది. పిల్లల చేత కూడా ప్రతిజ్ఞలు చేయించారు. రెండో యుద్ధం తర్వాత, ట్రూమన్ అధ్యక్షుడిగా ఉన్న 1947లో, ఐరోపాకి తిండి పంపాల్సి వచ్చినప్పుడు బడుల్లో కంచం ఖాళీ చేసే పిల్లల క్లబ్బులు మళ్లీ వచ్చాయి. బ్రిటన్‌లో 1940లో మొదలైన ఆహార రేషన్ 1954 దాకా సాగింది. ‘క్యారట్ తింటే చీకట్లో కనిపిస్తుంది’ అని ఇంగ్లీషు తల్లులు చెప్పే మాటను కూడా ఆ యుద్ధకాలమే ఊరూరా మోసింది. దీపాలార్పేసిన వీధుల్లో నడవడానికి క్యారట్లు తినమని ప్రభుత్వమే పోస్టర్లు వేసింది, డాక్టర్ క్యారట్ అని ఒక బొమ్మని కూడా తయారుచేసింది.

అమెరికన్ తల్లిదండ్రులు కంచంలో మిగిల్చిన పిల్లలకు ఆకలితో ఉన్న దూరదేశపు పిల్లల్ని గుర్తుచేసేవారు. మొదటి యుద్ధకాలంలో ఆ దేశం ఆర్మేనియా. తర్వాత చైనా అయింది, ఇండియా అయింది, ఇథియోపియా అయింది. కంచంలో మిగిలిన బఠాణీలకీ మన దేశపు కరువుకీ ముడిపెట్టిన ఆ వాక్యం విని పెరిగినవాళ్లు అమెరికాలో ఇప్పటికీ ఎందరో ఉన్నారు. మనం పిల్లలకు అన్నం పరబ్రహ్మ స్వరూపమని చెబుతాం, పారేస్తే అన్నపూర్ణమ్మకి కోపం వస్తుందంటాం. వాళ్లది పరాయి పిల్లల ఆకలిని చూపించి సిగ్గుపడేలా చెయ్యడం, మనది అన్నం మీద భక్తి నేర్పడం. రెండిట్లో మనదే పిల్లల మనసుకి తేలికైనది.

అయితే ఏ భాషలో అయినా ‘అంతా తినెయ్యి’ అన్న ఒత్తిడి వల్ల లాభం ఉందా అంటే పరిశోధనలు లేదనే చెబుతున్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో లీన్ బర్చ్ బృందం బడికి ముందు వయసు పిల్లలకు సూప్ ఇచ్చి చూసింది. కొన్నిసార్లు ‘ఫినిష్ యువర్ సూప్, ప్లీజ్’ అని మళ్లీ మళ్లీ చెప్పారు, కొన్నిసార్లు ఏమీ అనలేదు. 2006లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఒత్తిడి చేసినప్పుడు పిల్లలు తక్కువ తిన్నారు, సూప్ బాలేదని ఎక్కువసార్లు అన్నారు. వాక్యంలో ప్లీజ్ ఉన్నా ఫలితం ఇదే. ఇది తాగితే అది ఇస్తామన్న బేరం కూడా ఎదురు తిరుగుతుందని బర్చ్ 1980లలోనే చూపించారు. బహుమతి కోసం తాగిన పానీయం మీద పిల్లలకు ఇష్టం పెరగకపోగా తగ్గింది.

ఎల్లిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు 1980లలో ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇప్పుడు పిల్లల వైద్యులు, ఆహార నిపుణులు చాలామంది చెబుతున్నారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. ఈ సూత్రం వచ్చాక ఇంగ్లీషు భోజనాల బల్ల మీద మాటలూ మారుతున్నాయి. ‘యూ డోంట్ హావ్ టు ఈట్ ఇట్’, ‘మేబీ నెక్స్ట్ టైమ్’, ‘ఈజ్ యువర్ టమ్మీ ఫుల్?’, ‘ఈజ్ ఇట్ క్రంచీ ఆర్ సాఫ్ట్?’ లాంటివి యువ తల్లిదండ్రుల నోట వినిపిస్తున్నాయి. మన ఇళ్లకు అరువు తెచ్చుకోదగ్గ ఇంగ్లీషు ఏదైనా ఉందంటే ఇదే.

రుచి గురించి మాట్లాడటం విషయంలో ఇంకో పరిశోధన చెప్పుకోవాలి. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎలినార్ ఓక్స్, ఇటలీ పరిశోధకులతో కలిసి లాస్ ఏంజెలెస్, రోమ్ కుటుంబాల భోజనాలను పోల్చి 1996లో ప్రచురించారు. అమెరికన్ తల్లిదండ్రులు తిండిని ఆరోగ్యం, బాధ్యత, బహుమతి కోణంలో ఎక్కువగా మాట్లాడితే, ఇటలీవాళ్లు రుచి, ఆనందం గురించి ఎక్కువగా మాట్లాడారు. ఎవరికేది ఇష్టమో గుర్తుపెట్టుకుని చెప్పుకున్నారు. తెలుగిళ్లలో గోంగూర పులుపు గురించి, కొత్తావకాయ ఘాటు గురించి జరిగే చర్చలు విన్నవాళ్లకు మనం రోమ్‌కి దగ్గరగా ఉన్నామనిపిస్తుంది. అలాంటప్పుడు లాస్ ఏంజెలెస్ మాటలే పట్టుకోవడం దేనికి? ‘ఇట్స్ గుడ్ ఫర్ యూ’ బదులు ‘మ్మ్, దిస్ ఈజ్ సో టాంగీ’ అని ఇంగ్లీషులోనూ రుచినే మాట్లాడొచ్చు.

ఏ భాషలో ఎంత

భోజనం వేళ మాటలు పిల్లల పదసంపదను పెంచుతాయన్నది అమెరికాలో కేథరిన్ స్నో, డయాన్ బీల్స్ పనిచేసిన దీర్ఘకాల అధ్యయనంలో తేలింది. అయితే లాభం చేకూర్చింది ‘సిట్ అప్’, ‘ఈట్ అప్’ లాంటి ఆజ్ఞలు కాదు. ఆ రోజు జరిగింది కథలా చెప్పుకోవడం, ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలకు విడమరిచి జవాబివ్వడం, పిల్లలకు కొత్తగా ఉండే మాటలు మధ్యలో దొర్లడం. పోపులో ఆవాలు ఎందుకు చిటపటలాడతాయని కూతురు అడిగిందనుకుందాం. గింజలో ఉన్న కాస్త తేమ వేడికి ఆవిరై పొట్టుని చీల్చుకుని బయటికొస్తుందని చెప్పాలి. ఇంగ్లీషు తడుముకునే తల్లి ఆ ప్రశ్నని ‘ఈట్ ఫస్ట్’ అని దాటేస్తే పోయేది తెలుగూ ఇంగ్లీషూ రెండూ. ధారాళంగా వచ్చిన భాషలో జవాబు చెప్పి, అడగడానికీ వద్దనడానికీ నాలుగు ఇంగ్లీషు వాక్యాలు అలవాటు చేస్తే పిల్లలకు దక్కేది ఎక్కువ.

విదేశాల్లోని తెలుగిళ్లలో చిక్కు ఇంకోలా ఉంటుంది. అక్కడ పిల్లలకు సహజమైన ఇంగ్లీషు బడే నేర్పేస్తుంది. ఇండియా నుంచి అమ్మమ్మ వచ్చినప్పుడు తంటా మొదలవుతుంది. ‘ఇంకొంచెం పప్పు వెయ్యనా?’ అంటుంది ఆవిడ. ‘నో థాంక్యూ’ అంటాడు మనవడు. వాడి బడిలో అది పూర్తి మర్యాదైన ముగింపు. ఆ తర్వాత ఇంకెవరూ అడగరు. అమ్మమ్మకు మొదటి వద్దు ఎప్పుడూ వద్దు కాదు. కొసరి కొసరి వడ్డించడమే ఆవిడ ప్రేమ, ఒకసారి వద్దన్నాక మళ్లీ అడగకపోతే అది నిర్లక్ష్యం కింద లెక్క. ఆవిడ ఇంకో గరిటె వేస్తుంది. ‘ఐ సెడ్ నో!’ అని మనవడు విసుక్కుంటాడు. అమ్మమ్మ చిన్నబుచ్చుకుంటుంది. ఇద్దరూ తమ తమ మర్యాద తప్పలేదు, తప్పు ఎక్కడ జరిగిందో ఇద్దరికీ తెలియదు.

ఇలాంటి ఇళ్లలో తల్లిదండ్రులు ముందే చెయ్యగలిగిన పనులు రెండున్నాయి. కడుపు నిండాక పిల్లాడి మాటే ఆఖరని అమ్మమ్మకి నెమ్మదిగా చెప్పాలి. పిల్లాడికేమో ‘చాలు అమ్మమ్మా, పప్పు చాలా బాగుంది, కడుపు నిండిపోయింది’ అన్న వాక్యం నేర్పి, చెయ్యి కంచం మీద అడ్డంగా పెట్టమనాలి. ముందు పొగడ్త వినిపించి, తర్వాత ఆ చెయ్యి కనిపిస్తే ఏ అమ్మమ్మ గరిటె అయినా వెనక్కి వెళ్తుంది.